అద్దం మీది బర్రె

కొమురమ్మ చేతిల గుడ్డ పడ్డదంటే ఏ మరకా బతికి బట్టకట్టదు. కోకాపేటల ఇరవై అంతస్తుల ఆఫీసు, కింద ఉద్యోగుల పిల్లలకొక ఆటల గది, ఆ గదికి గోడంత అద్దం. ఆరేండ్లుగ దాన్ని తుడిచేది కొమురమ్మనే. దాని మీద మచ్చ ఉన్నదంటే ఆమెకు అన్నం సయించదు, అదో పిచ్చి.

ఆ శుక్రవారం పొద్దుగాల అద్దం నిండ జంతువుల బొమ్మలే. పది గంటలకు తల్లిదండ్రులొచ్చి చూస్తరట. "బొమ్మలు ఉంచి మిగతాది తుడువు కొమురమ్మక్కా" అన్నది టీచర్ స్వప్న. రోహిత్ వేసిన కుక్క మీసాలతో సహా అచ్చం కుక్కనే. ఏనుగుకు ఐదు కాళ్లు, పోనీ, తొండమైతే ఉన్నది. ఉడత ఉత్త మూడు గీతలు, తోకను బట్టి పోల్చుకున్నది. మూలకు మాత్రం నల్లటి మరక, మీద రెండు వంకర గీతలు. ఎవరో చెయ్యి తుడుచుకున్నరనుకొని ఒక్క పెట్టున తుడిచేసింది.

తొమ్మిదింటికి ఐదేండ్ల రసజ్ఞ వచ్చి ఖాళీ మూల ముందు నిలబడ్డది. ఏడ్వలేదు గని కింది పెదవి వణికింది. "నాన్నకి చూపిస్తానన్నాను" అన్నది.

"ఎవరు చెరిపిండ్రు?" అని స్వప్న పిల్లలను అడిగింది. కొమురమ్మ నోరు మూసుకుంటే అయిపోయేది. సూపర్‌వైజర్ చెవిన పడితే పని ఊడుతది. అయినా ఆ పసిదాని మొఖం చూసి ప్రాణం ఉసూరుమన్నది.

"నేనే తుడిచిన మేడం, మరకనుకున్న. ఏం బొమ్మ బిడ్డా అది?"

"గేదె. చెరువులో పడుకుంది."

కొమురమ్మకు తల కొట్టేసినట్టయింది. పెండ్లయ్యేదాక బర్రెలు కాసిన మనిషాయె. నీళ్లల్ల మునిగిన బర్రెకు వీపు, కొమ్ములు తప్ప ఇంకేం కనబడుతది? ఎవరికి తెల్వకున్నా తనకు తెల్వొద్దా?

"సరే, ముందు ఆ బొమ్మ సంగతి చూడు" అన్నది స్వప్న. కొమురమ్మ పీట వేసి పిల్లను ఎక్కించింది, పిల్ల మళ్లా గేదెను గీసుడు మొదలుపెట్టింది. "చెవులు నీళ్ల మీదనే ఉంటయి బిడ్డా, ఈగలు కొట్టుకోవాలె గద."

"నా గేదెకి చెవులొద్దు."

"మంచిది తల్లీ, నీ బర్రె నీ ఇష్టం."

పది గంటలకు రసజ్ఞ నాన్న చైతన్య వచ్చి తల గోక్కున్నడు. "ఇదేంటమ్మా, మరకా?"

పిల్ల పెదవి మళ్లా వణకబోయింది. "నీళ్లల్ల పండుకున్న బర్రె సార్" అన్నది బకెట్ పట్టుకున్న కొమురమ్మ. "పొద్దుగూకేదాక లేవదు." ఆయన రెండడుగులు ఎనకకు వేసి చూసి, ఫక్కున నవ్వి, బిడ్డను ఎత్తుకున్నడు.

సాయంత్రం అద్దమంత తుడవమన్నరు. కుక్క పోయింది, ఏనుగు పోయింది, ఉడత పోయింది. మూలకు రాంగనే గుడ్డ ఆగింది. కొమురమ్మ ఆ నల్లమరకను అట్లనే ఉంచి ఇంటికి పోయింది. ఆ రాత్రి అన్నం మస్తు సయించింది.