బర్రెను చేపించిన పాట

మొన్న సైదాబాద్ నుంచి నయాపూల్ పోతుంటే ఆటోడ్రైవర్ ఫోన్‌లో మా తమ్ముడి పాట పెట్టాడు. ర్యాప్ పాడి పాడి తల నెరిసిన మా వాడు, ఇక సెలవంటూ తెచ్చిన ఆల్బమ్‌లో ఆఖరి పాట అది. మొదట్లో చుయ్ చుయ్‌మని ఒక దరువు వస్తుంది. డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, "మేడమ్, గీ బీటు విన్నరా? ఏదో ఫారిన్ మెషిన్‌తోని జేసిండంట. మస్తుంటది" అన్నాడు. ఫారినూ లేదు, మెషినూ లేదు. గౌలిపురలో మా ఇంటి వెనక కొట్టంలో మా బాపు బకెట్లోకి పాలు పిండుతున్న చప్పుడది. చెబితే నమ్మడని ఊరుకున్నాను.

మాది పాలు పోసుకొని బతికిన ఇల్లు. పాలు పిండే వేళ కొట్టంలో ఎవరూ నోరు మెదపకూడదు. కొత్త అలికిడి అయితే బర్రె చేపదు, అంటే పాలు చన్నుల్లోకి దింపకుండా బిగబట్టుకుంటుంది. మా తమ్ముడికేమో పుట్టినప్పటి నుంచీ నోరు ఊరుకోదు. దూడను పట్టుకొని నిలబడి ఏవేవో అల్లి గొణిగేవాడు: "గౌలిపుర గల్లి, గల్లి నిండ లొల్లి, పాలు వోసి ఉరికినా బడికి లేటు మల్లి." బాపు తిట్టేవాడు. అయితే తొలిచూలు ఈనిన ఒక మొండి బర్రె, బాపు ఎంత బుజ్జగించినా తన్నేది, ఆ గొణుగుడికి మాత్రం చేపడం మొదలుపెట్టింది. బాపుకు వేరే దారి లేకపోయింది. రోజూ పొద్దున్నే, "రారా, నీ లొల్లి షురూ జెయ్" అని పిలిచేవాడు. నీ తొలి అభిమాని బర్రెరా అని నేనిప్పటికీ వాణ్ణి ఏడిపిస్తుంటాను.

తర్వాత వాడు పెళ్లి బరాత్‌లలో, కాలేజీల్లో, పెద్ద పెద్ద స్టేజీల మీద పాడాడు. జనం ఈలలు వేశారు. బాపు ఒక్కసారి వచ్చి వింటే ఒట్టు. "అది బర్రెలకు పనికొస్తది, మనుషులకు గాదు" అనేవాడు. ఎంత పేరొచ్చినా ఆ మాట వాడి లోపల గుచ్చుకునే ఉంది. కొత్త పాట వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చి, బాపు ముఖం వంక కాసేపు చూసి వెళ్లిపోయేవాడు. నాకు బాపు మీద ఒళ్లు మండేది.

నిరుడు వాడి గొంతు పాడైంది. ఇక చాలన్నాడు డాక్టర్. చివరి ఆల్బమ్‌లో బాపు గొంతు ఉండాలని వాడి పట్టు. అది లేకపోతే ఆల్బమే వద్దన్నాడు. నేను బతిమాలి బాపును స్టూడియోకు తీసుకుపోయాను. "పాలు పిండేటప్పుడు ఏమంటవో గదే అను బాపూ" అన్నాడు తమ్ముడు. అద్దాల గదిలో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు బాపు. ఆఖరికి, "బర్రె లేకుంట ఎట్లొస్తదిరా?" అంటూ లేచాడు.

సరే, మైకే కొట్టానికి వచ్చింది. మాకిప్పుడు మిగిలింది ఒకే బర్రె. సాయంత్రం బాపు బకెట్ పెట్టుకొని కూర్చున్నాడు. మైకు పట్టుకున్న కొత్త మనిషిని చూసి అది బిగబట్టింది. బాపు పొదుగు నిమిరాడు, దాని డొక్కకు తల ఆనించాడు, మెల్లగా గొణగడం మొదలుపెట్టాడు: "గౌలిపుర గల్లి, గల్లి నిండ లొల్లి..." పొల్లు పోకుండా, మా తమ్ముడి విరుపులతో సహా. బకెట్లో ధార పడింది.

తమ్ముడు కొయ్యబారిపోయాడు. బాపు తల తిప్పకుండానే, "ఏం జూస్తున్నవ్‌రా? నువ్వు స్టేజీలు పట్టుకొని తిరిగినప్పటిసంది దినాం నేనే అంటున్న. గిది లేకుంటే ఒక్క బర్రె చేపదు" అన్నాడు. వాడు గడ్డిమోపు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. బాపు ధ్యాస మాత్రం పాల మీదే.

ఆ పాటలో తను పాడదామనుకున్నదంతా వాడు తీసేశాడు. బాపు గొంతు, పాలధార, అంతే. నయాపూల్‌లో దిగుతుంటే డ్రైవర్, "గా ముసలాయన ఎవలో గని, దిల్ ఖుష్ జేసిండు మేడమ్" అన్నాడు. "మా బాపు" అన్నాను. నమ్మినట్టు లేదు.

తన పాట బాపు వినాలని మా తమ్ముడు జుట్టు నెరిసేదాకా ఎదురుచూశాడు. ఆ ఏళ్లన్నిటా మా ఇంట్లో రెండు పూటలా వాడి పాటే నడిచింది. ఆ వేళకు కొట్టంలో ఉండే తీరిక మాకే లేకపోయింది.