కత్తెర గుర్తు

మీ ఊళ్ళోకి అంబులెన్సు వచ్చి ఆగితే మీరు రోగిని చూసి భయపడతారా, బండి దిగిన మనిషిని చూసి భయపడతారా?

మా చెల్లె ఆ బండిలో పనిచేసింది. ప్రమాదం జరిగిన చోటికి అందరికంటే ముందు చేరడం, నెత్తురు ఆపడం, సెలైన్ పెట్టడం, ఆసుపత్రి దాకా ప్రాణం నిలబెట్టడం ఆమె పని. మా ఊరు చెన్నూరుకు దగ్గర్లో, గోదావరి వైపు. వాన పడితే అంబులెన్సు మా వాగు దాటలేదు. రోగిని మంచం మీద మోసుకొచ్చి అవతలి ఒడ్డున ఎక్కించాలి. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి పదవి ఆడవాళ్ళకు కేటాయిస్తే, ఆ వాగు మీద వంతెన కోసం చెల్లె ఉద్యోగం మానేసి నామినేషన్ వేసింది. కరీంనగర్‌లో ఉంటున్న నేను ప్రచారానికి వెళ్ళాను.

అభ్యర్థుల పేర్లను అక్షర క్రమంలో పేర్చి గుర్తులు ఇస్తారు. ఆమె వంతుకు కత్తెర వచ్చింది. "జాకెట్లు కుట్టేటామె అనుకుంటరే నిన్ను," అని నేనంటే ఇద్దరం నవ్వుకున్నాం.

ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాక ఆ నవ్వు పోయింది. ఆడవాళ్ళు మా కరపత్రాన్ని చేతికి కొంగు చుట్టుకుని అందుకున్నారు. ఒకామె చంటిదాని చేతికున్న నల్లదారాన్ని తన పిడికిట్లో దాచేసింది. హోటల్ ముందు చాయ్ తాగుతున్న ఒకడు మాకు వినబడేలాగే అన్నాడు.

"గుర్తు ఎవలిచ్చిన్రో గని సరిగ్గనే ఇచ్చిన్రు. గామెకు తెంపుడే గదా పని!"

"జర దూరం జరుగు కాకా, నీ మొలతాడు పైలం!" అని ఇంకొకడు.

నవ్వారందరూ. చెల్లె నవ్వలేదు. సందు మలుపు తిరిగాక అడిగితే చెప్పింది. వానాకాలంలో మా ఊరి యువకుడొకడు ట్రాక్టరు బోల్తాపడి దాని కింద నలిగిపోయాడు. చెయ్యి ఉబ్బి, తాయెత్తు దారం కండలోకి దిగింది. చెయ్యి నల్లబడుతుంటే ఆమె కత్తెరతో ఆ దారం తెంపింది. పక్కనే ఉన్న తల్లి అది చూసింది. కడుపు లోపల నెత్తురు కారి, మంచిర్యాల చేరకముందే అతను చనిపోయాడు. లోపల కారిన నెత్తురు ఎవరికీ కనబడలేదు. దారం తెగడం మాత్రం కనబడింది. రక్ష తెంపి బాణామతి, అంటే చేతబడి, చేసి చంపిందని ఊళ్ళో మాట పుట్టింది.

ఇప్పుడు అదే ఊళ్ళో గోడగోడకూ కత్తెర బొమ్మ అతికించింది మేమే.

బాణామతికి నేనెన్నడూ భయపడలేదు. బాణామతి లేదని ఎన్నో వేదికల మీద వాదించాను. కానీ ఆ మాట పడ్డ మనుషుల్ని చెట్టుకు కట్టి పళ్ళు రాలగొట్టిన, పెట్రోల్ పోసి తగలబెట్టిన గుంపులకు భయపడతాను. అలాంటి గుంపులో మంత్రాలుండవు, మనకు తెలిసిన ముఖాలే ఉంటాయి.

"అన్నా, ముందుగాల ఆ అవ్వ ఇంటికే పోదాం," అంది చెల్లె. వద్దన్నా వినలేదు.

చనిపోయిన యువకుడి తల్లి మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళి, పళ్ళెంలో బండారి తెచ్చింది. దేవుడి పసుపు. మా దగ్గర దాన్ని ముట్టుకుని చెప్పిన మాటకు తిరుగులేదు. అప్పటికే గేటు దగ్గర జనం మూగారు.

"దీని మీద చెయ్యేసి చెప్పు బిడ్డా. తెంపలేదని చెప్పు. నా ఓటు నీకే ఏస్త."

ఆ ఒక్క అబద్ధంతో అంతా చల్లారిపోతుంది. చెల్లె పళ్ళెం వైపు చెయ్యి చాపలేదు.

"తెంపిన అవ్వా. చెయ్యి చచ్చిపోతుండె. మల్ల గసొంటి చెయ్యే కనవడితే, మల్ల తెంపుత."

ఆ తల్లి గడప మీద కూలబడి ఏడ్చింది. గేటు దగ్గరివాళ్ళకు మొదటి మాట ఒక్కటే వినబడింది. "ఒప్పుకున్నది! తెంపిన్నని ఒప్పుకున్నది!" మేము సందు దాటేలోపు ఆ మాట ఊరి చివరికి చేరింది.

"తప్పుకో చెల్లె. కరీంనగర్ పోదాం పా."

"తప్పుకుంటే నిజమే అనుకోరా? మైకు ముందట గంత ఒర్రుతవ్, గిప్పుడేందే పరేషాన్?"

"మైకు కాడ పెట్రోల్ సీసలు ఉండయి గదనే," అన్నాను. ఆమె పక్కింటి తలుపు తట్టింది.

చెల్లె గెలిచింది. ఎలా గెలిచిందో నాకిప్పటికీ అర్థం కాదు. బ్యాలెట్ కాగితం ముందు ఒంటరిగా నిలబడినప్పుడు మనుషులు గుంపులో ఉన్నట్టు ఉండరేమో. కానీ ఆ గెలుపుతో నా భయం రెట్టింపైంది. ఈ ఐదేళ్ళలో ఊళ్ళో పోయే ప్రతి ప్రాణం ఆమె లెక్కలో పడుతుంది. మొన్న దమ్ముతో, ఆయాసంతో మంచం పట్టిన ఒక ముసలాయన పోతే, పరామర్శకు వచ్చినవాళ్ళు మొదట అడిగింది రోగం గురించి కాదు.

"సర్పంచి గిటు దిక్కు వచ్చిందా?" అని అడిగారు.

చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పకండి. మీ చేతికో మొలకో ఒక దారం ఉంది. ఇంట్లో కత్తెర ఉంది. ఇవాళే వాకిట్లోకి రండి, వాడవాళ్ళను పిలవండి, అందరూ చూస్తుండగా ఆ దారం తెంపండి. తెంపి, వాళ్ళ ముందే బతికి తిరగండి. దారం తెంపింది మా చెల్లె ఒక్కతే అని ఇక ఏ గుంపూ అనలేకుండా తెంపండి.