మస్కట్‌లో సర్జరీ, తిరుపతిలో రేడియేషన్

ఆ శుక్రవారం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు. అయినా మనసు నిలవలేదు. మాది కడప. మా ఆయన రషీద్ మస్కట్‌లోని ఘాలాలో మెకానిక్. గ్యారేజీల వెనక వీధిలోనే మా ఫ్లాట్. ఆయన నమాజు నుంచి రాగానే చెప్పాను.

"రేపు డ్యూటీకి పోను. డాక్టర్‌కు చూపిద్దాం," అన్నారు.

కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డుతో ప్రైవేట్ ఆసుపత్రిలో మమోగ్రామ్, తర్వాత బయాప్సీ చేశారు. కేరళ డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది: "క్యాన్సరే. కానీ స్టేజ్ వన్. గడ్డ తీసేసి, తర్వాత రేడియేషన్ ఇస్తే చాలు." నాకు ఏడుపు రాలేదు. రషీద్‌కు వచ్చింది.

సర్జరీకి అప్రూవల్ త్వరగానే వచ్చింది. చంకలో గ్రంథులు కూడా తీయడంతో చెయ్యి పైకి లేచేది కాదు. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు రషీదే నాకు తల దువ్వి జడ వేసేవారు. గ్రీజు మరకలు పోని ఆ వేళ్లు ఒక్క వెంట్రుక కూడా లాగకుండా కదిలేవి. వదులుగా ఉందంటే విప్పి మళ్లీ అల్లేవారు.

ఆ ఆసుపత్రిలో రేడియేషన్ మిషన్ లేదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. అక్కడ వరుసలో కూర్చుని ఉండగా ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్ వచ్చింది.

"ఫ్యామిలీ కార్డులో ఈ ఏటి లిమిట్ అయిపోయిందంట, రేడియేషన్‌కు ఇక ఇవ్వరంట," అన్నారు రషీద్, నా వైపు చూడకుండా. అప్పుడు ఏడ్చాను.

పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. పేరు జువైనా, మస్కట్ పాతపేట మత్రాకు చెందిన ఒమానీ. అక్కడి సూక్‌లో, అంటే బజారులో, మనవాళ్ల దుకాణాల మధ్య పెరిగింది కాబట్టి హిందీ వచ్చు. ఆమెదీ ఇదే జబ్బు. "మాకు ఖర్చు సర్కారుదే బేటీ. వంతు వచ్చేదాకా కాచుకోవాలి," అంది.

ఎదురుగా, ఇక్కడి స్కూల్లో పనిచేసే లిండా అనే అమెరికా టీచర్ కూర్చుంది. మీ దేశంలో ఎలాగని రషీద్ అడిగారు.

"మాకు అందరికీ ఒకే దారి లేదు," అందామె. "ముసలివాళ్లకు ప్రభుత్వం ఇన్సూరెన్స్ ఇస్తుంది, పేదలకు వేరే పథకం. మిగతా చాలామందికి ఉద్యోగంతో వచ్చే కార్డే. మా అక్క కీమో తీసుకుంటూనే పనికి వెళ్లింది. మానేస్తే కార్డు పోతుందని భయం."

ఆ మాట జువైనాకు హిందీలో చెప్పాను. ఆమె సంచిలోంచి ఖర్జూరాలు తీసి అందరికీ పంచింది.

ఇంటికొచ్చాక రషీద్ అన్నారు: "ఊర్లో మనకు ప్రభుత్వ ఆరోగ్య కార్డుంది. తిరుపతిలో రేడియేషన్ చేస్తారంట. నువ్వు పో."

"మీరు లేకుండా ఆడ ఎట్లుండాల?"

"నస్రీన్ తోడుంటాదిలే. నేను పని వదిల్తే రేపు నీ మందులకు ఈ కార్డు గూడా ఉండదు."

నస్రీన్ నా ఆడపడుచు. ఆసుపత్రి దగ్గర గది తీసుకుని నాతో ఉంది. అక్కడా అనుమతి వచ్చేదాకా ఎదురుచూశాం. రేడియేషన్ సగంలో ఉండగా చర్మం కమిలి, బట్ట తగిలితే మంట. "మానిపోతుందమ్మా, మధ్యలో మాత్రం ఆపకూడదు," అన్నాడు డాక్టర్. ఒకరోజు ఇక నేను రానని మంచం మీదే పడుకున్నాను. నస్రీన్ అన్నకు ఫోన్ కలిపింది.

"రేపటి సంగతి రేపు చూద్దాం. ఈ పూటకు పో. ఫోన్ పెట్టొద్దు, నేనూ మాట్లాడతా వస్తా," అన్నారు రషీద్. మిషన్ గది తలుపు దాకా ఆ గొంతు నా చెవిలోనే ఉంది.

చికిత్స పూర్తయ్యాక మస్కట్ తిరిగొచ్చాను. మొన్నటి మమోగ్రామ్ చూసి డాక్టరమ్మ "క్లియర్" అంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. కొత్త సంవత్సరపు కార్డులో అది వస్తోంది. జువైనాకు వంతు ఆలస్యంగా వచ్చినా చికిత్స బాగా జరిగింది. లిండా, నేను అప్పుడప్పుడు ఆమె ఇంటికి వెళ్తాం, కహ్వా, అదే అరబ్బీ కాఫీ, తాగుతూ కూర్చుంటాం.

కుటుంబంతో ఇక్కడ ఉంటున్నవాళ్లకు ఒక్క మాట. భార్యాపిల్లల కార్డుకు లిమిట్ ఎంత, ఏ చికిత్స అందులో రాదు అని అందరూ బాగున్న రోజునే అడిగి తెలుసుకోండి. జబ్బు పేరు విన్న రోజున ఆ ప్రశ్నలు నోటికి రావు.