ఐదో రోజు గింజలు

ఎలకల్ని చంపడానికి ముందు కావలసింది మందు కాదు, ఓపిక. ఎలకలాయన ఈ మాట ఇరవై రెండేళ్లుగా కనబడ్డ ప్రతివాళ్లకీ చెబుతున్నాడు. విన్నవాళ్లు తలాడించి, "సరేనయ్యా, ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడుగుతారు తప్ప ఓపిక సంగతి ఎవరికీ పట్టదు. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి గుర్తింపు కార్డు మీద ఉంది. గోదాముల వాళ్లకీ బేకరీల వాళ్లకీ మాత్రం అతను ఎలకలాయనే.

పని తీరు ఇలా ఉంటుంది. ఎలక తెలివైనది, కొత్త తిండి కనబడితే ఎగబడదు. ముందు ఒకటి వచ్చి వాసన చూసి, కాస్త కొరికి వెళ్లిపోతుంది. దానికేమీ కాలేదని తెలిశాకే మిగతావి వస్తాయి. అందుకని నూనె పట్టించిన గోధుమ నూకని నాలుగు రోజులు ఉత్తదే పెట్టాలి. అదే చోట, అదే వేళకి, అదే చేత్తో. మొదటిరోజు ముట్టవు. రెండోరోజు నాలుగు పలుకులు పోతాయి. నాలుగోరోజుకి మనిషి అడుగుల చప్పుడు వింటే చాలు, బయటికొచ్చి కూర్చుంటాయి. ఐదోరోజు అదే నూకలో మందు కలుపుతాడు. ఆరోరోజు గోనెసంచి పట్టుకుని వెళతాడు. ఆగలేక మొదటిరోజే మందు చల్లేసే వాళ్లని చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది.

మనిషి మాత్రం మంచివాడు. ఈ ముక్క ఇక్కడే చెప్పేసుకోవడం నయం, తర్వాత చెబితే నమ్మేవాళ్లు తక్కువ.

పెళ్లి ఊసే లేకుండా నలభై దాటేసిన ఈయన, నాలుగు నెలల కిందటే ఒక ఇంటివాడయ్యాడు. ఆ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి కూడా ఎలకే. బేకరీలో ఒక ముసలి ఎలక బొటనవేలు కొరికితే సూది వేయించుకోవడానికి క్లినిక్‌కి పరిగెత్తాడు. సూది గుచ్చుతూ నర్సు, "ఇన్నేళ్లు ఊరుకున్నాయంటే వాటికి మీరంటే ఎంత మర్యాదో!" అంది. మిగతా సూదులకి గంట ముందే వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. ఆవిడ భర్త పోయి నాలుగేళ్లయింది. తొమ్మిదేళ్ల కూతురు ఉంది.

చిక్కంతా ఆ కూతురితోనే. పాప పెంకిది కాదు, ఎదురు చెప్పదు. అంకుల్ అంటుంది, మీరు అంటుంది, తిన్నావా అంటే తిన్నానంటుంది. కానీ అతను ఏ గదిలోకి వస్తే ఆ గదిలోంచి లేచి వెళ్లిపోతుంది. బిస్కెట్టు ఇస్తే బుద్ధిగా తీసుకుంటుంది, తినదు. మర్నాడు ఊడుస్తుంటే మంచం కింద దొరుకుతుంది. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి చాపితే స్కూలు బ్యాగు పట్టీలు రెండు చేతులతోనూ పట్టుకుంటుంది. నాన్నా అని పిలవాలని అతనికి ఆశేమీ లేదు. ఒక్కసారి ఆ చెయ్యి తెచ్చి తన చేతిలో పెడితే చాలు, జన్మకి అదే పదివేలు అనుకునేవాడు.

అలాంటి పిల్ల హ్యామ్‌స్టర్ కావాలని తల్లి చెవిలో చెప్పింది. తల్లి ఇతని చెవిన వేసింది. ఆ ఆదివారం సాయంత్రానికల్లా పంజరం, అందులో తిరిగే చక్రం, రంపపు పొట్టు మూట, గోధుమరంగు పిడికెడు ప్రాణం ఇంటికొచ్చేశాయి.

"పోయి పోయి ఎలకలాయన ఇంట్లో ఎలకా! మీ గోదాముల వాళ్లకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?" అని భార్య పడీ పడీ నవ్వింది.

"ఎలక కాదమ్మా, హ్యామ్‌స్టర్," అంది పాప. బుగ్గల సంచుల్లో గింజలు కుక్కుకోవడం చూసి దానికి 'బుగ్గలు' అని పేరు పెట్టింది. పెట్టిన చేత్తోనే పంజరంలో వేలు పెట్టింది, అది చటుక్కున కరిచింది.

గుమ్మంలో నిలబడ్డ ఎలకలాయన అప్పుడు అన్నాడు. "తప్పు దానిది కాదు తల్లీ. మనం ఎవరమో దానికింకా తెలీదు. నన్నడిగితే ఐదు రోజుల్లో నీ అరచేతిలో కూర్చోబెడతాను."

పాప వేలు నోట్లో పెట్టుకుని అతని వైపు చూసింది. గదిలోంచి వెళ్లిపోలేదు.

సోమవారం మొదలుపెట్టారు. తెల్లవారుజామున బుగ్గలు మెలకువగా తిరుగుతుంది కాబట్టి ఆరింటికి ఇద్దరూ పంజరం ముందు చేరేవాళ్లు. మొదటిరోజు ముట్టుకోవద్దన్నాడు, దూరంగా కూర్చుని మెల్లగా మాట్లాడమన్నాడు. పాప ఎక్కాలు చెప్పింది. రెండోరోజు పాప జేబురుమాలు ముక్క ఒకటి చింపి, గూట్లో వేయించాడు, వాసన అలవాటు కావాలని. మూడోరోజు పొద్దుతిరుగుడు గింజలు తలుపు దగ్గర పెట్టించి, చెయ్యి అక్కడే కదలకుండా ఉంచమన్నాడు. తొందరపడొద్దు, పై నుంచి పట్టుకోవద్దు, నిద్రలో లేపొద్దు. చెప్పిందల్లా పాప చేసింది. చేస్తూ చేస్తూ ఒక్కో జానెడే అతనివైపు జరిగింది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఆ సోమవారమే ఎలకలాయన పిండి గోదాములో కొత్త పని ఒప్పుకున్నాడు. పొద్దున్న ఇంట్లో ఏ రోజో, తొమ్మిదింటికి గోదాములోనూ అదే రోజు. ఈ సంగతి మొదట అతనికి తట్టలేదు. బుధవారం బస్తాల సందులో మోకాళ్ల మీద కూర్చుని నూక పోస్తూ, "రా అమ్మా, రా, ఏం కాదు," అన్నాడు. ఆ గొంతు చెవిన పడి తనే ఉలిక్కిపడ్డాడు. మూడు గంటల కిందట పంజరం ముందు అన్న మాట అదే, గొంతూ అదే. బస్తాల వెనక రెండు కళ్లు మెరిశాయి. లేచి, ఛాతీ రుద్దుకుని, బయట గాలిలో కాసేపు నిలబడ్డాడు.

అతను జాగ్రత్త లేని మనిషి కాదు. మందు డబ్బా పెరట్లో ఇనప పెట్టెలో ఉంటుంది, తాళంచెవి జేబులో ఉంటుంది. పని బట్టలు గుమ్మం దాటి లోపలికి రావు. సాయంత్రం రెండుసార్లు సబ్బుతో రుద్దుకుంటే గాని దేన్నీ ముట్టుకోడు. అయినా సరే, అతను దగ్గరికొస్తే బుగ్గలు చక్రం ఆపేసేది. పొట్ట నేలకి అంటించి, చెవులు వెనక్కి వాల్చి, రెప్ప వెయ్యకుండా చూసేది. పాప వస్తే అలా చేసేది కాదు.

"మీరంటే దానికి ఎందుకంత భయం?" అంది పాప.

"కొత్త కదా," అన్నాడు. అబద్ధం చెప్పినట్టు ముఖానికి చెమట పట్టింది.

గురువారం మాత్రం అతని అదృష్టం పండింది. పాప పక్కనే కూర్చుంది, మోచెయ్యి అతని మోచేతికి తగిలేంత దగ్గరగా. అతను రెండు వేళ్ల మధ్య గింజ పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. బుగ్గలు ముందుకొచ్చింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చి గింజని లాక్కుపోయింది. పాప కిలకిలా నవ్వింది. ఆ ఇంట్లో అతని ఎదుట పాప నవ్వడం అదే మొదలు. పళ్లెంలోంచి బిస్కెట్టు తీసిస్తే, అందుకుని అక్కడే కొరికింది. ఎలకలాయనకి కడుపు నిండిపోయింది.

"అంకుల్, ఇవన్నీ మీకెలా తెలుసు?"

నాలుగు నెలల్లో పాప నవ్వుతూ అడిగిన మొదటి ప్రశ్న అది. కాస్త తెలివున్న వాడెవడైనా పుస్తకంలో చదివానని తప్పించుకునేవాడు. ఈ మహానుభావుడికి ఆనందంలో ఒళ్లు తెలియలేదు.

"మా పనే అది కదా తల్లీ! ఎలకలూ అంతే, ముందు నమ్మవు. నాలుగు రోజులు ఉత్త గింజలు పెడతాం. ఒకే చోట, ఒకే వేళకి."

"ఉత్తవేనా?"

"ఒట్టు, ఉత్తవే. రోజూ వచ్చి తింటాయి. మనం అంటే భయం పోతుంది."

"భయం పోయాక?"

ఇక్కడైనా ఆగి ఉండవలసింది. కానీ పనిలో తన నేర్పు గురించి అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. "పోయాక ఇంకేముంది, పని సులువు. ఐదోరోజు అందులోనే కలిపేస్తాం."

"ఏం కలుపుతారు?"

"మందు," అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు.

పాప చేతిలో సగం బిస్కెట్టు ఉంది. దాన్ని చూసింది. చప్పుడు కాకుండా నేలమీద పెట్టింది.

"ఇవాళ ఎన్నో రోజు?"

"గోదాములోనా? నాలుగోది."

"కాదు, బుగ్గలుకి."

"దానికీ నాలుగే," అని నవ్వాడు ఎలకలాయన. తను ఏమన్నాడో ఆ నవ్వు అయ్యేదాకా కూడా అతనికి తెలియలేదు, అయ్యాక కూడా పూర్తిగా తెలియలేదు. ఏదో సరిగా లేదని మాత్రం అనిపించింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పంజరం దాని చోట లేదు. పాప గది తలుపు వేసి ఉంది. హోంవర్కు ఎక్కువుందట, అంది భార్య.

శుక్రవారం అతను ఎప్పటిలాగే ముందు లేచాడు. భార్య లేచే వేళకి టీ పెట్టి గ్లాసు ఆమె చేతికివ్వడం పెళ్లైన మర్నాటి నుంచి అతని వాడుక. అది అయ్యాక పాప గది తలుపు తట్టి, తోశాడు. పాప అప్పటికే స్కూలు బట్టల్లో ఉంది. పంజరాన్ని రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని నేలమీద కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బిపోయాయి. గిన్నెలో ఒక్క గింజ లేదు. పొట్టు కింద బుగ్గలు దాచుకున్నవి కూడా ఎవరో ఏరేశారు.

"అయ్యో, దీనికి తిండే లేదేం తల్లీ?"

"ఇవాళ వద్దు అంకుల్."

"భయపడకు, కరవదు. ఇవాళ అరచేతిలోకి వచ్చేస్తుంది చూడు."

"వద్దన్నానా!"

మారాం అనుకున్నాడు. ఐదు రోజుల్లో అని మాటిచ్చాడాయె. పొట్లంలోంచి నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, పంజరం తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాడు. రాత్రంతా పస్తున్న బుగ్గలు ఆలోచించలేదు. నేరుగా వచ్చి చేతిలోకి ఎక్కేసింది. దాని గుండె అతని చర్మానికి టకటక తగిలింది. ఆ జాతిని ఇన్నేళ్లూ చల్లబడ్డాక ఎత్తడమే గాని, వెచ్చగా పట్టుకున్నది లేదు. అతనికి కళ్లు చెమర్చాయి. ఒకటి, రెండు, మూడు గింజలు దాని బుగ్గలోకి వెళ్లాయి. పాపకి చూపిద్దామని మెల్లగా చెయ్యి బయటికి తీశాడు.

పాప మీద పడి దాన్ని లాక్కుంది. ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని, కుడి చూపుడువేలు దాని నోట్లోకి దూర్చి, "ఉమ్మెయ్! ఉమ్మెయ్యవే! తినకే!" అని అరుస్తూ బుగ్గలు నొక్కింది. అది కీచుమని వేలు కొరికింది. నెత్తురు మణికట్టు దాకా కారింది. పాప వదల్లేదు. మూడు గింజలూ బయటపడేదాకా వదల్లేదు.

అరుపులకి తల్లి గ్లాసు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? ఏంటిది?"

"ఇవాళ ఐదోరోజమ్మా," అంది పాప, వెక్కుతూ. "నాలుగు రోజులూ ఉత్తవే పెడతారు. నమ్మాక కలుపుతారు. ఆయనే చెప్పారు."

ఎలకలాయనకి అప్పుడు అర్థమైంది. పొట్లం తీసి గింజలన్నీ నోట్లో పోసుకున్నాడు, పొట్టుతో సహా నమిలాడు. "చూడు తల్లీ, ఇదిగో, నేను తింటున్నా చూడు. ఏమీ లేదు ఇందులో. ఉత్త గింజలే. ఒట్టు!" పెదాల మీంచి పొట్టు రాలుతోంది, గొంతు పట్టేసి దగ్గు వస్తోంది. చేతులు చాపాడు.

పాప గోడకి అతుక్కుపోయింది. అతని వంక చూడలేదు. తల్లి చేతిలో గ్లాసు వంక చూసింది.

"రోజూ నీకు టీ ఈయనే కదమ్మా ఇస్తారు? నీకిది ఎన్నో రోజు?"

"ఛ, ఏం మాటలే అవి!" అని తల్లి నవ్వేసింది. నవ్వుతూనే గ్లాసు తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. పిల్ల వేలు కడగాలి, రెండు చేతులూ కావాలి, పెట్టకపోతే ఎలా? కడిగింది, మందు రాసింది, గుడ్డ కట్టింది. చెప్పులేసుకుని, "క్లినిక్‌లో ఒకసారి చూపించి అట్నుంచటే స్కూల్లో దింపేస్తాను," అంది. ఎలకలాయన గ్లాసు వంక, భార్య వంక చూస్తూ నిలబడ్డాడు.

"టీ..." అన్నాడు చివరికి.

"వచ్చాక తాగుతాలెండి," అంది ఆమె, మళ్లీ నవ్వి. ఈసారి నవ్వు కళ్లదాకా రాలేదు. పాప మంచి చేత్తో పంజరం ఎత్తుకుంది. తల్లీ కూతుళ్లు బయటికి నడిచారు. వీధి తలుపు మూసుకుంది.

గోదాము వాళ్ల ఫోను రెండుసార్లు మోగి ఆగింది. గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టింది. ఎలకలాయన దాన్ని తీసుకుని, నిలబడే, చల్లారిపోయిన టీ చుక్క మిగలకుండా తాగేశాడు. అప్పుడు చూడడానికి ఇంట్లో ఎవరూ లేరు.