దారి చూపించని సంచి

న్యాలుహంగా ఇంట్లో ఒక గోనెసంచి ఉండేది. దారి చూసిన పిల్లి పాత ఇంటికి తిరిగొచ్చేస్తుంది. అందుకని మా ఊళ్లో పిల్లిపిల్లను సంచిలో వేసి, మూతి కట్టి తీసుకెళ్తారు. కొత్త ఇంటి గాదె కింద విప్పుతారు. బదులుగా ఒక కోడిపెట్టను ఇస్తారు. ఊరికే వచ్చిన పిల్లి ఎలుకను పట్టదంటారు.

వానలకు ముందు ఆమె సరస్సు ఒడ్డున ఉన్న చెల్లెలి ఊరికి వెళ్లింది. చెల్లెలు ఒక గండుపిల్లిని ఇచ్చింది. సంచిలో వేసుకుని బయలుదేరింది. దారిలో పిల్లి వాంతి చేసుకుంది, విరేచనాలు చేసుకుంది. ఊరు రాకముందే కదలడం మానేసింది. మూతి మరీ బిగించి కట్టానేమో, ఊపిరాడక పోయిందేమో అనుకుంది న్యాలుహంగా. సిగ్గేసింది. పొద చాటున గొయ్యి తీసి పూడ్చింది. సంచిని ఏట్లో సబ్బుపెట్టి ఉతికి, బండమీద ఆరేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఆమె సొంత పిల్లి, చెవి చిరిగిన బూడిదరంగుది, తిండి ముట్టకుండా గాదె కింద పడుకుంది. పసుపుపచ్చని నురగ కక్కింది. తరవాత తనే లేచి తిరిగింది. ఆమె ఆ సంగతి పట్టించుకోలేదు.

ఆ పిల్లి మళ్లీ ఈనింది. రెండు పిల్లలు బతికాయి. పెరిగాక ఒకదాన్ని న్యాగొండ్వే అడిగింది.

న్యాగొండ్వేకు భర్త లేడు. ముసలి మామ ఉన్నాడు, ఒక గాదె మొక్కజొన్న ఉంది. మళ్లీ పంట వచ్చేదాకా ఇద్దరికీ అదే. ఆ గాదెలో ఎలుకలు పడ్డాయి. ఆమె నల్లపెట్టను ఇచ్చి, సంచిలో పిల్లిని తీసుకెళ్లింది. పిల్లి వారమైనా బతకలేదు. రెండోదాన్నీ తీసుకెళ్లింది. అది కూడా వాంతులు మొదలుపెట్టింది.

ఊరు మాట్లాడుకుంది. న్యాగొండ్వే ఎలుకలమందు పెడుతోందనీ, అదే పిల్లుల నోట్లోకీ పోతోందనీ అన్నారు. చవులా తాత ఆమె ఇంట్లో మొక్కజొన్నపిండి న్సీమా ముద్ద తిననన్నాడు. బావి దగ్గర ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరిపారు. న్యాగొండ్వే మామ చూపులేని మనిషి. ఆయన ముద్ద నోట్లో పెట్టుకునే ముందు వాసన చూడ్డం మొదలుపెట్టాడని మా ఇంట్లో కూడా నవ్వుకున్నారు.

న్యాలుహంగా నవ్వలేదు. కాదనీ అనలేదు.

కుక్కలకు పిచ్చి రాకుండా సూదులు వేయడానికి పశువుల ఆఫీసరు మ్సిస్కా వచ్చినప్పుడు, న్యాగొండ్వే ఆ పిల్లిని గుడ్డలో చుట్టుకుని తెచ్చింది. తాళ్లతో కుక్కల్ని పట్టుకున్న జనమంతా చూస్తున్నారు. ఆయన పిల్లి పొట్ట నొక్కి చూశాడు, చిగుళ్లు చూశాడు.

“మందు పెట్టావా అమ్మా?”

“పెట్టలేదు బాబూ. నా మామమీద ఒట్టు.”

“పెట్టలేదనే అనుకుంటున్నా. ఇది వైరస్. పిల్లుల పేగుల్ని పాడుచేస్తుంది. మనుషులకు అంటదు. సబ్బుతో కడిగినా చావదు, ఎండలో పెట్టినా చావదు. గుడ్డలోనో, నేలమీదో ఏడాది దాకా కూర్చుంటుంది. దీన్ని దేంట్లో తెచ్చావు?”

“న్యాలుహంగా సంచిలో. ఆ సంచికి వంక పెట్టకండి. మా అక్క దాన్ని ఎంత శుభ్రంగా ఉతుకుతుందో ఊరందరికీ తెలుసు. ఆ ఇంట్లో ఏ పిల్లీ చావలేదు.”

న్యాలుహంగా అక్కడే ఉంది. చేతిలో కుక్క తాడుంది. అందరూ ఆమెను మెచ్చుకున్నట్టు చూశారు. అయితే నీ ఇంట్లోనే ఎక్కడో ఉందమ్మా అని మ్సిస్కా న్యాగొండ్వేకు చెప్పాడు. చవులా తాత, వైరస్ అన్నా విషమన్నా ఆ ఇంట్లోదే కదా అన్నాడు. కొందరు నవ్వారు.

మ్సిస్కా మోటారుసైకిలుకు పెట్టె కట్టుకుంటుంటే న్యాలుహంగా ఆయన వెనకే వెళ్లింది. ఆ జబ్బు వచ్చి, చావకుండా లేచిన పిల్లి సంగతేమిటని అడిగింది. దానికి మళ్లీ రాదు, ఏ ఇంట్లో వదిలినా బతుకుతుంది అన్నాడాయన. ఆ సంచి సంగతి మాత్రం ఆమె అడగలేదు.

ఇంటికెళ్లి సంచిని పొయ్యిలో పెట్టింది. గోనె చాలాసేపు పొగ కక్కింది.

మర్నాడు బూడిదరంగు పిల్లిని చేతుల్లో పట్టుకుని వెళ్లి న్యాగొండ్వే గాదె కింద వదిలింది. రెండో పిల్ల అప్పటికే పోయింది. ఇది ముసలిది, దీనికేం కాదు అని మాత్రం చెప్పింది. మరి నీ గాదెకు కాపలా ఎవరక్కా అని న్యాగొండ్వే అంటుండగానే వాకిలి దాటేసింది.

సాయంత్రానికి పిల్లి ఆమె గడపలో ఉంది. మళ్లీ తీసుకెళ్లింది. మళ్లీ వచ్చింది.

మూడోసారి వెళ్లేసరికి న్యాగొండ్వే వాకిట్లో కంకులు వొలుస్తోంది. గింజల్లో సగం ఎలుకలు కొరికినవే.

“నీ పిల్లికి మా ఇల్లు ఆనలేదక్కా. పెద్దింటి పిల్ల. సంచిలో తేవచ్చుగా, దారి తెలిసేది కాదు.”

“సంచి లేదు.”

“ఏమైంది?”

“కాల్చేశాను.”

న్యాగొండ్వే చేతులు ఆగాయి. “అంత మంచి సంచిని ఎందుకు కాల్చావు?”

పిల్లి కిందికి దూకబోయింది. న్యాలుహంగా గట్టిగా పట్టుకుంది.

“మా చెల్లెలిచ్చిన పిల్లి అందులోనే చచ్చిపోయింది. వాంతులు చేసుకుని. నేను ఎవరికీ చెప్పలేదు. నీ రెండు పిల్లుల్నీ అదే సంచిలో ఇచ్చాను.”

న్యాగొండ్వే ఇంకో కంకి తీసుకుంది. దాన్ని పూర్తిగా వొలిచింది.

“ఇచ్చినప్పుడు నీకు తెలుసా?”

“తెలీదు. ఆయన చెప్పినప్పుడు తెలిసింది.”

“ఆయన చెప్పినప్పుడు నువ్వక్కడే ఉన్నావు. నేను నీ సంచిని వెనకేసుకొచ్చాను.”

“ఉన్నాను.”

లోపల్నించి ముసలాయన ఎవరొచ్చారని అడిగాడు. పిల్లి వచ్చింది మామా అంది న్యాగొండ్వే.

న్యాలుహంగా నల్లపెట్టను తిరిగి తెస్తానంది. వద్దంది న్యాగొండ్వే. “పెట్ట తిరిగొస్తే పిల్లి ఉత్తినే వచ్చినట్టవుతుంది. ఎలుకల్ని పట్టదు. పిల్లిని దించు.”

“మళ్లీ వచ్చేస్తుంది.”

“వస్తే మళ్లీ తీసుకురా. కానీ పొలాల వెనకనించి కాదు. బావి దగ్గర్నించి రా. చవులా తాత వాకిలి ముందునించి రా. చేతిలో పిల్లేంటని అడుగుతారు. చెప్పు.”

మేం అలాగే విన్నాం. మొదటిరోజు బావి దగ్గర ఆమె మెల్లిగా చెప్పింది, ఇంకోసారి చెప్పించుకున్నాం. బిందెలు జరిపినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. ఆమె చేద లాగుతూ ఉండిపోయింది.

పిల్లి న్యాగొండ్వే గాదెలో ఎలుకల్ని పడుతుంది. న్యాలుహంగా గాదెలో ఇప్పుడు ఎలుకలున్నాయి. పిల్లి ఇప్పటికీ అప్పుడప్పుడూ పాత గడపకు వస్తుంది. ఆమె దాన్ని ఎత్తుకుని బావి దారినే నడుస్తుంది. ఇప్పుడెవరూ అడగడం లేదు. అడగకపోయినా బావి దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. పిల్లి ఆమె భుజం మీంచి వెనక్కి, వచ్చిన దారినే చూస్తూ ఉంటుంది.