వదిన కోట మునిగిన ఆదివారం

ఆమెను వీధిలో అందరూ పళ్ల వదిన అనేవారు. అంటే పళ్లు అమ్మేదని కాదు, కట్టుడుపళ్లు చేసేది. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనం పరిచి, పళ్లు పేర్చి, చిగుళ్ల రంగు సరిచూసి, నోట్లో గుచ్చుకోకుండా అంచులు అరగదీయడం ఆమె పని. వదిన అన్న పిలుపు మాత్రం మరిది పుణ్యమే. మేడమీది వాటాలోంచి అతను పొద్దస్తమానం "వదినా!" అని కేకేస్తుంటే వినీ వినీ వీధి మొత్తం ఆ మాటే అందుకుంది.

మైనంతో పనిచేసే చేతికి ఓపిక ఎక్కువ. సాయంత్రాలు ఆ ఓపికంతా ఒక కంప్యూటర్ ఆటలో పెట్టేది. కొండను తొలిపించి, మరుగుజ్జుల చేత కోట కట్టించే ఆట. చూడటానికి గొప్పగా ఉండదు, అన్నీ చిన్న చిన్న గడులే. కానీ అందులో నీళ్లున్నాయి చూశారూ, అవే ఆమెను కట్టిపడేశాయి. ఒక్కో గడిలో నీటికి ఏడు మట్టాలు. ఒకటంటే పాదం తడిసేంత, కాసేపటికి ఇగిరిపోతుంది. నాలుగు దాటితే ఈత రానివాడి పని అయిపోయినట్టే. ఏడంటే గది కప్పుదాకా నీళ్లే. పైనున్న నదిని నేరుగా అడుగుకు దింపితే ఆ నీళ్లు ఊరుకోవు. నది ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తుకూ మళ్లీ ఎగబాకుతాయి, దారిలో ఉన్న గదులన్నీ ముంచేస్తాయి. వాటిని లొంగదీయడానికి ఒక ఉపాయం ఉంది. కాలువలో ఒకచోట రెండు గడులు పక్కపక్కన కాకుండా, మూలతో మూల మాత్రమే తాకేలా తవ్వాలి. ఆ మూల దాటేసరికి నీళ్లకు ఎగబాకే పొగరు పోతుంది, మామూలు పిల్లకాలువలా పారతాయి.

వరుసగా కోటలు ముంచుకుని ఆమె ఈ సంగతి నేర్చుకుంది. ఆ తర్వాత కట్టిన కోట మాత్రం నిలబడింది. అట్టడుగున పెద్ద భోజనశాల, దాని మధ్యలో కప్పునుంచి సన్నగా పడే జలధార, ఆ నీళ్లు పోవడానికి నేలలో జల్లెడ. ఆ తుంపరలో నిలబడితే మరుగుజ్జులకు ఎక్కడలేని సంబరం. వాళ్లకు ఇంట్లోవాళ్ల పేర్లే పెట్టుకుంది. ‘అత్తగారు’ తాపీమేస్త్రీ. ‘అమ్మ’ వంటమనిషి. ఆమె తల్లి పోయి చాలా ఏళ్లయింది. ఆటలో మాత్రం పీపాలు మోస్తూ, తీరికలేకుండా తిరుగుతూనే ఉండేది.

ఆ కోటను మరిది ఎత్తుకుపోయాడు.

పెళ్లిళ్లలో, దుకాణాల ప్రారంభోత్సవాల్లో మైకు పట్టుకుని మాట్లాడటం అతని వృత్తి. ఆదివారం మధ్యాహ్నాలు ఏదో ఒక ఆట ఆడుతూ ఇంటర్నెట్‌లో లైవ్ ఇచ్చేవాడు. ఒకరోజు ప్రింటు తీసుకుంటానని కిందికొచ్చి ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్‌లో ఏం ఎక్కించుకున్నాడో ఆమె చూడలేదు. ఆ వచ్చే ఆదివారం ఆమె ఫోన్‌లో అతని లైవ్ పెట్టుకుని బట్టలు మడతపెడుతోంది. తెరమీద తన భోజనశాల, తన జలధార, పీపా మోస్తూ తన ‘అమ్మ’!

"ఈ కోట కట్టడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు మిత్రులారా!" అంటున్నాడు మరిది.

లైవ్ అయిపోయేదాకా ఆగి పైకి వెళ్లింది. "అది నా కోట."

"అబ్బ, ఆటేగా వదినా! మనలో మనకి నీదీ నాదీ ఏంటి?"

"మరి నా పేరెందుకు చెప్పలేదు?"

"నీ పేరు చెప్తే ఎవరు చూస్తారు? కట్టుడుపళ్ల ఆవిడ కట్టిన కోటంటే నవ్విపోతారు" అని, తనే ముందు నవ్వాడు.

రాత్రి భోజనాల దగ్గర భర్తతో చెబితే "వాడి నోరే అంత. మనసులో పెట్టుకోకు" అన్నాడు, కూర వడ్డించుకుంటూ. ఆమె మనసులోనే పెట్టుకుంది. పెట్టుకుని తాళం కూడా వేసింది.

ఆ తర్వాత ల్యాబులో పళ్లు అరగదీస్తుంటే పొడి మామూలుకన్నా ఎక్కువ లేచేది. పక్క బల్ల మీద పనిచేసే స్నేహితురాలు చూసి, "ఎవర్నే అలా నమిలేస్తున్నావ్?" అని అడిగింది. "ఇంకా నోటిదాకా రాలేదులే" అంది ఈమె.

నోటిదాకా రావడానికి ఎక్కువకాలం పట్టలేదు. మరిదే దిగివచ్చాడు.

"వదినా, ఆ ధార మరీ సన్నగా ఉందంటున్నారు చూసేవాళ్లు. కాస్త పెద్దది చేయొచ్చా?"

ఆమె గొంతు టీ తాగుతావా అని అడిగినంత మామూలుగా వచ్చింది. "పైన కాలువలో మూలకి తిరిగే మెలిక ఒకటుంది, చూశావా?"

"ఆఁ, అదా! నువ్వు పొరపాటున తవ్వావనుకున్నా."

పొరపాటట! ఏ మూలో కాస్త జాలి మిగిలి ఉంటే అదీ అక్కడితో ఇగిరిపోయింది.

"అవును, పొరపాటే. ఆ పక్క గడి కూడా తవ్వేసి సాఫు చెయ్యి. ధార ఎలా దూకుతుందో నీకే తెలుస్తుంది. లైవ్‌లోనే తవ్వు, నలుగురూ చూస్తారు."

"నువ్వు దేవతవి వదినా!"

"ముందు తవ్వు."

ఆదివారం మధ్యాహ్నం భర్త నిద్రపోతున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని ఫోన్ ముందు కూర్చుంది. తెరమీద పైకాలువలో మరుగుజ్జు ఒకడు గడ్డపారతో ఆ గడి తవ్వాడు. ముందు ధార లావెక్కింది. "చూశారా!" అని మరిది చప్పట్లు కొట్టాడు. ఇంతలో నేలమీద నీటి మట్టం రెండు, మూడు, అయిదు. కింది జల్లెడలోంచి పోయే నీళ్లకన్నా వచ్చే నీళ్లు ఎక్కువయ్యాయి. భోజనశాల నిండి, మెట్లదారి పట్టుకుని నీళ్లు పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. "ఇదేంటి, నీళ్లు పైకి పోతున్నాయేంటి?" అన్న గొంతు ఫోన్‌లోంచీ, ఇంటి కప్పులోంచీ ఒకేసారి వినిపించింది. ఆమెకు ఒళ్లంతా చల్లబడినంత హాయిగా ఉంది.

కానీ మరిది మైకు మనిషి. కాసేపు తడబడి, వెంటనే గొంతు సవరించుకుని మునిగిపోయేవాళ్ల పేర్లు పెళ్లిలో అతిథుల్ని పిలిచినట్టు చదవడం మొదలుపెట్టాడు. చూసేవాళ్లు పడిపడి నవ్వుతున్నారు. ఒకరు పదిమందిని పిలుస్తున్నారు. అంతకుముందెప్పుడూ అతనికి అంతమంది రాలేదు. తను ముంచిన కోట మీద వాడు ఊరేగుతున్నాడు! ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మేడ ఎక్కింది.

తిన్నగా వెళ్లి కెమెరాకు కనబడేలా అతని పక్కన కూర్చుంది.

"మా వదిన! సమయానికొచ్చింది" అని నవ్వి, మైకు మూసి గుసగుసగా అడిగాడు. "ఎలా ఆపాలి దీన్ని?"

ఆమె అతని చెయ్యి తీసి మైకు తెరిచింది. "ఆపడానికి కాదు నీకు చెప్పింది."

మరిది మళ్లీ మైకు మూయబోయాడు.

"ఈ కోట కట్టింది నేను" అంది కెమెరా వైపు చూస్తూ. "కట్టుడుపళ్లు చేస్తాను. ఇతను నన్నడక్కుండా ఎత్తుకొచ్చాడు. ఆ మెలిక తీసేస్తే కోట మునుగుతుందని తెలిసే తీసెయ్యమన్నాను. నవ్వాలనుంటే ఇప్పుడు నవ్వండి."

"వదినా, ఇంట్లో మాటలు ఇక్కడెందుకు..."

"దొంగిలించిందీ ఇంట్లోనేగా."

ఆమె లేవలేదు. నీళ్లు ఒక్కో అంతస్తూ ఎక్కుతుంటే అతన్నీ లేవనివ్వలేదు. వంటగది నిండుతుంటే ‘అమ్మ’ పారిపోకుండా, ఇంకో పీపా కోసం లోపలికే వెళ్లింది. కింద తన కంప్యూటర్‌లో అసలు కోట భద్రంగానే ఉంది, అందులో అమ్మ తిరుగుతూనే ఉంది. అయినా కళ్లు చెమర్చాయి. అప్పుడు కూడా నీళ్లు ఆపే మీట ఎక్కడుందో ఆమె చెప్పలేదు. చివరి గడిలో ఏడు పడేదాకా కూర్చుని, లేచి వచ్చేసింది.

మరిది ఆ వీడియో తీసేశాడు. అన్న దగ్గర మొరపెట్టుకున్నాడు. భర్త రెండ్రోజులు ముభావంగా తిరిగాడు. అత్తగారు మాత్రం, "ఇంతకీ నన్ను కూడా ముంచేశావటే?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంది.

చాలా వారాలకు మరిది సొంతంగా ఒక కోట మొదలుపెట్టాడు. తవ్విన కందకం నిండి వాకిలి ముంచేస్తోందని, మొహం ఎటో పెట్టుకుని వచ్చి అడిగాడు. ఆమె అంచు పాలిష్ చేస్తున్న పళ్ల సెట్టు పక్కనపెట్టి, తూము ఎక్కడ కట్టాలో వేలితో చూపించింది. ఉన్నమాటే చెప్పింది.

"నిజంగా అక్కడేనా?" అన్నాడు. తలూపింది. గుమ్మందాకా వెళ్లి, "ఒట్టు?" అన్నాడు.

ఆమె పళ్ల సెట్టు మళ్లీ చేతిలోకి తీసుకుంది. అతను గుమ్మంలోనే నిలబడి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఎంతసేపు చూస్తాడో చూద్దామని ఆమె తల ఎత్తలేదు.