అక్క గదికి రన్మా

జనం సర్కారు మీద తిరుగుబాటు చేసిన ఆ వర్షాకాలంలో తామ్వే పేటలో మా సందు రెండు చివరలా వెదురు కంచెలు కట్టేశారు. ఆఫీసులు, దుకాణాలు మూతపడ్డాయి. తమ ఇల్లున్న సేక్కాన్ రేవు వైపు తుపాకులు పేలుతున్నాయని ఏడో నెల గర్భిణి అయిన అక్క, ఆమె అత్తగారు మా ఇంటికి వచ్చేశారు. బావ సామాను కాపలాకు అక్కడే ఉండిపోయారు. ఇంత గడ్డురోజుల్లోనూ అక్కా మేమూ ఒక కప్పు కింద చేరినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

వాళ్ల కోసం నాన్న ఇంట్లో ఉన్న చెక్కంతా పెట్టి మా హాలు మధ్యన పైకప్పు దాకా అడ్డు తడిక నిలబెట్టారు. కిటికీలు ముందు సగంలో ఉండిపోయాయి. వెనక సగంలో అక్కకు గాలి ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే కునికేది. మూడు రోజులకే కళ్లు లోతుకు పోయాయి.

నాన్న వడ్రంగి. జపాన్ వాళ్లు ఊరేలిన రోజుల్లో, కుర్రతనంలో, వాళ్ల వడ్రంగి ఒకాయన దగ్గర పని చేశారు. గదికీ గదికీ మధ్య తలుపుల పైన, కప్పు కింద, వాళ్లు పిట్టలూ కొమ్మలూ తొలిచిన పలక పెడతారట. దాన్ని రన్మా అంటారు. ఆ సందుల్లోంచి గాలీ వెలుతురూ అవతలికి పోతాయి.

కానీ కోత మిల్లులు మూసేశారు, చెక్క దొరకదు. నాన్న తన మంచం కిందనుంచి టేకు పలక లాగారు. మా వడ్రంగుల్లో ఒక అలవాటు ఉంది. చేతికి మంచి పలక తగిలితే తమ పెట్టె కోసం, అంటే సమాధిలోకి వెళ్లే పెట్టె కోసం, దాచుకుంటారు.

అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "అన్నయ్యా, ఇదేటి పని? సావుకి దాసిన సెక్క కడుపుతో ఉన్న పిల్ల నెత్తిమీద కడతావా?"

"సెక్కకేటి తెలుసమ్మా అది దేనికి దాసినానో."

"నీకు తెలుసు, నాకూ తెలుసు. సాలదేటి?"

అక్క లోపలినుంచి అంది: "అత్తా, ఊపిరాడక నేనే ముందెలిపోతే, ఆ సెక్క నాకే పనికొస్తాది. కట్టనీ!"

నాన్న నవ్వుతూ ఉలి తీశారు.

నాలుగు రోజులు ఆ పలకలో రెల్లు గడ్డినీ, నీటికోళ్లనూ తొలిచారు. బడికి పోని నాకు అక్షరాలు నేర్పింది ఆ చేతులే. పక్కన కూర్చుని పొట్టు ఊడ్చాను. పని అయిందనుకున్నాక పలక తిప్పి చూసి నాలుక కరుచుకున్నారు. వెనక వైపు ఉత్త చెక్కే.

"మా జపాన్ గురువు సూస్తే తన్నీసును," అన్నారు. "అవతల గదోలకి ఈపు సూపించకూడదు. రెండేపులా ముకం ఉండాల."

ఇంకో రెండు రోజులు అక్క వైపు కూడా ఈకలు చెక్కి, అప్పుడు తడిక పైభాగం కోసి అక్కడ బిగించారు.

ఆ మధ్యాహ్నం వాన ఆగి, కిటికీలోంచి వచ్చిన గాలి పైనుంచి అవతలికి వెళ్లింది. కాసేపటికి అక్క గురక వినిపించింది. సాయంత్రం ప్రార్థనకు నేను పాట ఎత్తుకోబోతుంటే అత్తగారు తడిక వెనకనుంచి పరుగున వచ్చారు.

"ఒలే, ఊరుకో! పడుకున్నాది."

ఆరోజు పాట లేకుండానే ప్రార్థన చేసుకున్నాం. కళ్లు తెరిచేసరికి అత్తగారు చాప చంకన పెట్టుకుని లోపలికి వెళుతున్నారు. రన్మా కిందే పరుచుకుని ఆవిడా నడుం వాల్చారు.